పిల్లల చేతిలో ఫోన్: ఆన్‌లైన్ వేధింపుల గురించి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

బడుల్లో తల్లిదండ్రుల మీటింగులప్పుడు, అపార్ట్‌మెంట్లలో మాట్లాడటానికి వెళ్లినప్పుడు, ఒక్కోసారి రాత్రి పొద్దుపోయాక వచ్చే ఫోన్లలో మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలివి. మీ ఇంట్లో ఇప్పటికే ఏదైనా జరిగి ఉంటే ముందువి వదిలేయండి. "జరిగిపోయింది, ఇప్పుడేం చేయాలి?" అన్న ప్రశ్న దగ్గర నుంచి చదవండి.

మా వాడు బడి, ఇల్లు తప్ప ఎక్కడికీ వెళ్లడు. వాడికేం ప్రమాదం?

సాయంత్రం ఆరుకల్లా ఇంటికొచ్చేస్తాడు, తలుపేసుకుని చదువుకుంటాడు, చెడు స్నేహాలు లేవు. చాలామంది ధీమా ఇదే. అయితే ఆ తలుపు వెనకాల ఉన్న ఫోన్‌లోకి ఎవరైనా రావచ్చు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్, బీజీఎంఐ లాంటి ఫోన్ గేమ్‌లలో టీమ్‌మేట్‌గా వస్తాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో అదే వయసు అమ్మాయి ఫోటో పెట్టుకుని వస్తాడు. మాట్లాడేది ఎవరో పిల్లలకి తెలియదు, మనకి అసలే తెలియదు. పిల్లవాడు గడప దాటకుండానే, పక్క గదిలో మనం భోజనం చేస్తుండగానే ఇదంతా జరుగుతుంది.

అసలు పిల్లల్ని ఎలా వలలో వేసుకుంటారు?

తొలిరోజే ఎవరూ తప్పుడు మాట మాట్లాడరు. అందుకే పిల్లలకి అనుమానం రాదు. పద్ధతి మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే. ముందు పొగడ్త: "బ్రో, నీ గేమ్ సూపర్." తర్వాత చిన్న కానుక: గేమ్‌లో డైమండ్సో, స్కిన్నో, రీఛార్జో. ఆ తర్వాత ఆరా: ఏ క్లాస్, ఏ ఊరు, ఇంట్లో ఎవరెవరుంటారు, అమ్మ ఎన్నింటికి వస్తుంది, నీ ఫోన్ ఇంకెవరైనా చూస్తారా? ఈ ప్రశ్నలు మామూలు కబుర్లలాగే ఉంటాయి. నిజానికి ఎవరూ చూడని సమయం ఎప్పుడో, అడ్డుపడేవాళ్లు ఎవరో అతను తెలుసుకుంటున్నాడు.

నాలుగో మెట్టు చాలా ముఖ్యమైనది. ఇంటికీ పిల్లకీ మధ్య దూరం పెంచడం. మార్కుల గురించి తిట్లు తిన్న రోజు చూసుకుని "మీ వాళ్లకి నువ్వు అర్థం కావు, నాకు తెలుసు" అంటాడు. ఆ రాత్రి పిల్లకి అతనొక్కడే తనవాడు అనిపిస్తాడు. వెంటనే "ఇక్కడ వద్దు, టెలిగ్రామ్‌కి రా" అనో, "స్నాప్‌లో మాట్లాడుకుందాం, మెసేజ్‌లు వాటంతట అవే పోతాయి" అనో వేరే చోటికి పిలుస్తాడు. ఒక యాప్‌లో పరిచయమై ఇంకో యాప్‌కి రమ్మన్నాడంటే అక్కడే ఆగిపోవాలని పిల్లలకి ముందే చెప్పి పెట్టండి. నన్నడిగితే పిల్లలకి నేర్పాల్సిన మొదటి హెచ్చరిక ఇదే. ఎందుకంటే ఇది పిల్లలు కూడా సులువుగా పట్టుకోగలిగే గుర్తు.

అప్పుడు ఫోటో మొదలవుతుంది. ముందు మామూలు సెల్ఫీ. తర్వాత "నేను పంపా కదా, నువ్వూ పంపు." పంపిన మరుక్షణం గొంతు మారిపోతుంది. ఫాలోవర్ల లిస్టు స్క్రీన్‌షాట్ తీసి పెడతాడు, అందులో మీ చెల్లెలు, బడి టీచర్, పిల్లవాడి బాబాయి పేర్లు ఉంటాయి. "పది నిమిషాలు టైమ్. లేకపోతే వీళ్లందరికీ వెళ్తుంది." ఇంకో ఫోటో కావాలంటాడు, లేదా డబ్బు, లేదా బయట కలవమంటాడు.

ఇది ఆడపిల్లల సమస్యే కదా?

కాదు. డబ్బు కోసం చేసే ఫోటో బ్లాక్‌మెయిల్‌లో ఎక్కువగా దొరికిపోతున్నది పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల మగపిల్లలే. అమ్మాయి పేరుతో ఖాతా, ఒక వీడియో కాల్, దాన్ని రికార్డు చేయడం, గంటలోపే బెదిరింపు. దీని వెనక ముఠాలు పనిచేస్తున్నాయి. మగపిల్లలు ఇంకా తొందరగా కుంగిపోతారు, ఎందుకంటే "మగాడివై ఉండి" అన్న మాట చిన్నప్పటి నుంచీ విని ఉంటారు, ఇంట్లో చెప్పుకోవడానికి నోరు రాదు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టానికి ఆడ, మగ తేడా లేదు. 18 ఏళ్లు నిండని వాళ్లెవరైనా దాని కింద పిల్లలే.

అంత జరుగుతుంటే పిల్ల నాకెందుకు చెప్పలేదు?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు తల్లుల గొంతులో వినిపించే బాధ నాకు తెలుసు. ప్రేమ లేక కాదు, నమ్మకం లేక కూడా కాదు. పిల్ల మనసులో మూడు లెక్కలుంటాయి: నాన్న కొడతాడు, ఫోన్ లాక్కుంటారు, చదువు మాన్పించేస్తారు. మన ఊళ్లలో మూడోది ఉత్త భయం కూడా కాదు, ఫోటో బయటికొచ్చిందని ఇంటర్ మాన్పించి సంబంధాలు చూసిన ఇళ్లు ఉన్నాయి. ఈ లెక్క బెదిరించేవాడికి మనకంటే బాగా తెలుసు. "మీ నాన్నకి చెప్పుకో, చూద్దాం" అని అతను సవాలు చేసేది అందుకే. అతని చేతిలో ఉన్న అసలు ఆయుధం ఆ ఫోటో కాదు, మన కోపం మీద పిల్లకున్న భయం.

అందుకే ఏ యాప్ పెట్టడానికన్నా ముందు ఇంట్లో ఒక మాట ఇవ్వాలి. ఫోన్‌లో ఏం జరిగినా, తప్పు నీదే అయినా, ముందు నా దగ్గరికి రా. ఆ రోజు తిట్టను, కొట్టను, ఫోన్ లాక్కోను. ఈ మాట ఇచ్చాక నిలబెట్టుకోవడం కష్టం. పిల్లలు దాన్ని చిన్న విషయాలతో పరీక్షిస్తారు. పొరపాటున ఏదో చెత్త వీడియో వచ్చిందని చెబుతారు, క్లాసులో ఎవరో బూతు మెసేజ్ పంపారని చెబుతారు. అప్పుడు మన మొహం ఎలా మారుతుందో చూస్తారు. పెద్ద విషయం చెప్పాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఏ వయసులో మొదలుపెట్టాలి? ఏమని మాట్లాడాలి? సిగ్గుగా ఉంటుంది కదా.

మన ఇళ్లలో ఒంటి గురించి మాట్లాడే అలవాటు లేదు, కాబట్టి మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. నాలుగైదేళ్లప్పుడే ఒంట్లో ఎవరూ ముట్టుకోకూడని, ఫోటో తీయకూడని భాగాలేవో సూటిగా చెప్పండి. ముద్దుపేర్ల బదులు అసలు పేర్లు నేర్పితే మంచిది, రేపు ఏదైనా చెప్పాల్సి వస్తే పిల్లకి మాటలుంటాయి. ఎనిమిది, తొమ్మిదేళ్లకి గేమ్‌ల సంగతి. పది దాటాక ఫోటోలు, వీడియో కాల్స్, బెదిరింపుల గురించి దాపరికం లేకుండా మాట్లాడాలి.

ఎదురుగా కూర్చోబెట్టి "నీతో ఒక ముఖ్యమైన విషయం మాట్లాడాలి" అంటే పిల్లలు బిగుసుకుపోతారు. బండి మీద ట్యూషన్‌కి తీసుకెళ్తున్నప్పుడు, బట్టలు మడతపెడుతున్నప్పుడు, వాళ్ల కళ్లలోకి చూడకుండా మాట్లాడితే మాటలొస్తాయి. వేరేవాళ్ల కథతో మొదలుపెట్టండి:

"కన్నా, ఎవరో అబ్బాయిని ఫోటో పెట్టుకుని బెదిరించారంట, పేపర్లో చదివా. మీ క్లాసులో ఎవరికైనా ఇలా అయిందా?"

"ఏమో. మా సీనియర్‌కి అయిందంట."

"అయ్యో. ఇంట్లో చెప్పాడా?"

"చెప్తే చంపేస్తారు కదా."

ఇక్కడ ఆగండి. ఉపన్యాసం వద్దు. "నువ్వు చెబితే నేను చంపను నాన్నా. ఇద్దరం కలిసి ఏం చేయాలో చూస్తాం" అని ఊరుకోండి. ఆ ఒక్కసారితో అయిపోదు, నెలకోసారైనా ఏదో ఒక వంకతో ఈ మాట రావాలి. నాన్నలు ఈ పనిని అమ్మలకి వదిలేయకూడదు, ముఖ్యంగా కొడుకుల విషయంలో. తల్లిదండ్రులు దగ్గర లేని పిల్లలకి, హాస్టల్ పిల్లలకి, నాయనమ్మ, తాతయ్య పెంచుతున్న పిల్లలకి పిన్నో, మామయ్యో, ఎవరో ఒకరు "నాకు ఫోన్ చెయ్యి" అని గట్టిగా చెప్పి ఉంచాలి.

ఏదో జరుగుతోందని ఎలా పసిగట్టాలి?

మనం గదిలోకి రాగానే స్క్రీన్ మార్చేయడం, రాత్రి రెండింటికి కూడా ఫోన్ తలగడ కింద వెలుగుతుండటం, ఎక్కడివో తెలియని రీఛార్జులు, ఇయర్‌బడ్స్, కొత్త బట్టలు. మెసేజ్ శబ్దం వినగానే ఉలిక్కిపడటం. ఎప్పుడూ ఫోన్ పట్టుకునే పిల్ల ఒక్కసారిగా ఫోన్ వైపే చూడకపోవడం కూడా గుర్తే. పర్సులో డబ్బు తగ్గడం, అమ్మ ఫోన్‌పే నుంచి తెలియని పేర్లకి వందలు, రెండొందలు వెళ్లడం మగపిల్లల విషయంలో తరచూ కనిపిస్తుంది. వీటిలో ఒక్కొక్కటి మామూలు టీనేజ్ వేషమే కావచ్చు. రెండుమూడు ఒకేసారి కనిపిస్తే నిలదీయకుండా దగ్గర కూర్చోండి.

ఫోన్‌లో ఏ సెట్టింగులు పెట్టాలి?

మొదట చూడాల్సింది పుట్టిన సంవత్సరం. మన ఇళ్లలో ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఎలా తెరుస్తారో చూడండి: పదకొండేళ్ల పిల్ల, నాన్న నంబరు, ఒప్పుకోవడం లేదని పుట్టిన సంవత్సరం 1995. ఆ క్షణం నుంచి ఆ యాప్ దృష్టిలో ఆమె పెద్ద మనిషి. పిల్లల కోసం పెట్టిన రక్షణలేవీ ఆమెకి వర్తించవు. ఇన్‌స్టాగ్రామ్ 2024లో టీన్ ఖాతాలు తెచ్చింది, 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలోనూ మొదలుపెట్టింది. వాటిలో ఖాతా దానంతటదే ప్రైవేట్‌గా ఉంటుంది, పరిచయం లేనివాళ్లు మెసేజ్ చేయలేరు, రాత్రి పది నుంచి ఉదయం ఏడు వరకు నోటిఫికేషన్లు రావు. 16 ఏళ్లలోపు వాళ్లు ఈ రక్షణలు సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఇదంతా అసలు వయసు ఇస్తేనే. కాబట్టి ఈరోజే పిల్లతో కలిసి కూర్చుని ఖాతాలో వయసు చూడండి, తప్పుంటే సరిచేయండి. పదమూడేళ్లు నిండకపోతే ఖాతా తీసేయడమే.

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే గూగుల్ ఫ్యామిలీ లింక్ ఉచితం. కొత్త యాప్ వేసుకోవాలంటే మీ ఫోన్‌కి అడుగుతుంది, రాత్రిపూట ఫోన్ లాక్ చేయవచ్చు, ఏ యాప్ ఎంతసేపు వాడారో కనిపిస్తుంది. ఐఫోన్‌లో అదే పని స్క్రీన్ టైమ్ చేస్తుంది. వాట్సాప్‌లో ప్రైవసీలోకి వెళ్లి ప్రొఫైల్ ఫోటో, గ్రూపుల్లో చేర్చే హక్కు "నా కాంటాక్ట్స్"కి మాత్రమే పెట్టండి, తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేయండి. లింక్ చేసిన పరికరాలు అన్న చోట మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా కనిపిస్తే వెంటనే తీసేయండి. స్నాప్‌చాట్ మ్యాప్‌లో పిల్ల ఎక్కడుందో కనిపించకుండా ఘోస్ట్ మోడ్ పెట్టాలి. గేమ్‌లలో వాయిస్ చాట్‌ని స్నేహితులకే పరిమితం చేయాలి.

ఇంటి నియమం ఒకటి చాలు: రాత్రి ఫోన్లన్నీ హాల్లోనే ఛార్జింగ్‌లో ఉంటాయి. అమ్మానాన్నలవి కూడా. బెదిరింపులు ఎక్కువగా అర్ధరాత్రి, పిల్ల ఒంటరిగా ఉన్నప్పుడే వస్తాయి. ఈ ఒక్క నియమం చాలా యాప్‌లకన్నా బాగా పనిచేస్తుందని నా అభిప్రాయం.

అసలు ఫోనే ఇవ్వకపోతే?

చిన్న పిల్లలకి ఇవ్వకపోవడమే మేలు. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు వాళ్లకి ప్రధాన సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టమే చేసింది. కానీ హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో వస్తున్న రోజులివి. ఇంట్లో ఇవ్వకపోతే స్నేహితుడి ఫోన్‌లో ఖాతా తెరుస్తారు, అప్పుడు మనకి తెలిసే దారే ఉండదు.

పిల్లల ఫోన్ వాళ్లకి తెలియకుండా చూడొచ్చా?

దొంగచాటుగా వద్దు. పదేళ్ల పిల్లకైతే "నీ ఫోన్ నేనూ చూస్తుంటాను" అని ముందే చెప్పి, ఆమె ఎదురుగానే చూడండి. పదిహేనేళ్ల వాడికి కొంత చాటు అవసరం, స్నేహితులతో చెప్పుకునే మాటలన్నీ మనం చదవక్కర్లేదు. రహస్యంగా నిఘా యాప్ పెడితే ఏదో ఒకరోజు తెలుస్తుంది. ఆ తర్వాత వాడు రెండో ఫోన్ సంపాదిస్తాడు, మనతో మాట్లాడటం మానేస్తాడు. ప్రాణానికి ప్రమాదం ఉందని గట్టి అనుమానం ఉంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి చూడాల్సిందే. చూశాక ఆ సంగతి పిల్లలకి చెప్పండి.

నాకు ఫోన్ సరిగ్గా వాడటమే రాదు. పిల్లలకే అన్నీ తెలుసు.

వాళ్లకి ఫోన్ తెలుసు, మనుషులు తెలియదు. మీకు మనుషులు తెలుసు. "ఈ ఆట నాకూ నేర్పు", "ఈ రీల్ ఎలా చేశావు?" అని అడగండి. వాళ్లు నేర్పుతున్నప్పుడే ఎవరితో ఆడుతున్నారు, ఎవరు మెసేజ్ చేస్తున్నారు అన్నీ బయటికొస్తాయి.

పిల్లల ఫోటోలు స్టేటస్‌లో పెట్టొచ్చా?

పెట్టండి, చూసుకుని పెట్టండి. స్నానం చేయిస్తున్నవి, బట్టల్లేనివి, బడి పేరు, బ్యాడ్జీ కనిపించే యూనిఫామ్ ఫోటోలు, ఇంటి నంబరు కనిపించేవి వద్దు. ఓణీల ఫంక్షన్ ఆల్బమ్ మొత్తం పబ్లిక్‌గా ఫేస్‌బుక్‌లో పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. ఆ ఫోటోలు ఎవరైనా దించుకోవచ్చు. పెట్టేముందు పిల్లని అడగడం అలవాటు చేసుకుంటే, నా ఫోటో మీద నాకు హక్కుందన్న సంగతి ఆమెకీ అర్థమవుతుంది.

నా కూతురు ఏ ఫోటో పంపలేదు. కానీ ఏఐతో నగ్న చిత్రం తయారుచేసి తిప్పుతున్నారు.

ముందు పాపని నమ్మండి. మామూలు ఫోటో ఒక్కటి ఉంటే చాలు, ఇలాంటివి నిమిషాల్లో తయారవుతాయి. "నువ్వేదో చేయకపోతే ఎందుకు వస్తుంది" అన్న మాట ఇంట్లో ఎవరి నోటి నుంచీ రాకూడదు, పెద్దవాళ్ల నోటి నుంచి కూడా. తయారుచేసిన చిత్రమైనా నేరం నేరమే, కింద చెప్పిన దారులన్నీ దీనికీ పనికొస్తాయి. చాలాసార్లు చేసింది అదే బడిలో చదివే పిల్లాడని తేలుతుంది, కాబట్టి బడికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నేరం తెలిసీ చెప్పకుండా దాచడం పోక్సో కింద బడి యాజమాన్యానికి శిక్షార్హం.

జరిగిపోయింది, ఇప్పుడేం చేయాలి?

పిల్ల వచ్చి చెప్పిన మొదటి పది నిమిషాలు అన్నిటికన్నా ముఖ్యం. "చెప్పి మంచి పని చేశావు. ఇందులో తప్పు వాడిది. మనం చూసుకుందాం." ఈ మూడు మాటలు చాలు. ఎందుకు పంపావు, ఎప్పటి నుంచి అన్న విచారణ తర్వాత. ఆ రాత్రి పిల్లని ఒంటరిగా పడుకోనివ్వకండి. "నేను ఉండి ఏం లాభం" లాంటి మాట వినిపిస్తే తేలిగ్గా తీసుకోకండి, 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సేవ, తెలుగులో మాట్లాడతారు. అప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే 112, లేదా దగ్గరలోని ఆసుపత్రి.

తర్వాత ఆధారాలు. కోపంలో చాట్ డిలీట్ చేయడం, ఫోన్ పగలగొట్టడం, ఖాతా తీసేయడం జరుగుతుంటాయి. దాంతో అవతలివాడిని పట్టుకునే దారి మూసుకుపోతుంది. అతని యూజర్ నేమ్, ప్రొఫైల్ లింకు, ఫోన్ నంబరు, బెదిరించిన మెసేజ్‌లు, డబ్బు అడిగిన యూపీఐ ఐడీ, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. పిల్ల నగ్న చిత్రాన్ని మాత్రం కాపీ చేయొద్దు, సలహా కోసమని బావగారికో, తెలిసిన లాయరుకో పంపొద్దు. ఫోన్‌ని అలాగే పోలీసులకి చూపించండి. ఇవన్నీ అయ్యాక యాప్‌లో రిపోర్ట్ చేసి, అప్పుడు బ్లాక్ చేయండి.

అతనికి మీరే ఫోన్ చేసి తిట్టడం, మనుషుల్ని తీసుకుని వెతుక్కుంటూ వెళ్లడం వద్దు. జాగ్రత్తపడి అన్నీ చెరిపేస్తాడు.

డబ్బు పంపితే వదిలేస్తాడు కదా?

వదలడు. ఇచ్చారంటే ఇవ్వగలరని తెలిసిపోతుంది, రేటు పెరుగుతుంది. ఇప్పటికే పంపి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే చెప్పండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

పిల్లలకి సంబంధించిన ఏ ఆపదకైనా 1098. పగలూ రాత్రీ పనిచేస్తుంది, పిల్లలే నేరుగా చేయవచ్చు. తక్షణ ప్రమాదం ఉంటే 112. ఆన్‌లైన్ ఫిర్యాదుకి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్. అందులో మహిళలు, పిల్లలపై నేరాలకి విడిగా విభాగం ఉంది, పిల్లల అశ్లీల వీడియోల గురించి పేరు చెప్పకుండా కూడా సమాచారం ఇవ్వవచ్చు. మీ కేసు ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలంటే మాత్రం పేరు, నంబరు ఇచ్చి నమోదు చేసుకోవాలి.

ఆ పోర్టల్ వెనక మన హైదరాబాద్ వాళ్ల పట్టుదల ఉంది. ప్రజ్వల సంస్థ వ్యవస్థాపకురాలు సునీతా కృష్ణన్ 2015 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టుకి ఒక లేఖ రాశారు. వాట్సాప్‌లో తిరుగుతున్న రెండు అత్యాచార వీడియోలను పెన్ డ్రైవ్‌లో జతచేశారు. కోర్టు దాన్ని తానే కేసుగా తీసుకుంది. ఆ విచారణ ఫలితంగా 2018లో ఈ పోర్టల్ వచ్చింది, 2019లో అన్ని రకాల సైబర్ నేరాలకీ విస్తరించింది.

తెలంగాణలో షీ టీమ్స్‌ని, భరోసా కేంద్రాలని ఆశ్రయించవచ్చు. భరోసాలో పోలీసు, వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సహాయం ఒక్కచోటే దొరుకుతాయి, పిల్ల అదే కథ నలుగురు ఆఫీసర్లకి నాలుగుసార్లు చెప్పుకునే బాధ తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో శక్తి యాప్ ఉంది. ఏ స్టేషన్‌కి వెళ్లినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. "ఇది మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమనండి, అది మీ హక్కు.

స్టేషన్‌కి వెళ్తే పరువు పోతుందేమో.

ఈ భయం ముందే ఊహించి చట్టంలో రాశారు. పోక్సో ప్రకారం పిల్ల స్టేషన్‌కి రానక్కర్లేదు, ఇంట్లో గానీ తనకి ఇష్టమైన చోట గానీ వాంగ్మూలం తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫామ్‌లో రాకూడదు. మీరు, లేదా పిల్ల నమ్మే ఎవరైనా పక్కనే ఉండవచ్చు. రాత్రిపూట పిల్లని స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, ఫోటో, బడి, ఊరు, చివరికి బంధువుల వివరాలు కూడా పత్రికలు, చానళ్లు బయటపెట్టకూడదు. కోర్టులో విచారణ తలుపులు మూసి జరుగుతుంది, నిందితుడు పిల్ల కంటపడకుండా చూడాలి. ఎక్కడైనా ఇలా జరగకపోతే జిల్లా బాలల సంక్షేమ కమిటీకి చెప్పండి.

ఆ ఫోటో ఇంటర్నెట్ నుంచి తీయించగలమా?

చాలావరకు. అమెరికాలో పిల్లల రక్షణ కోసం పనిచేసే ఎన్‌సీఎంఈసీ అనే సంస్థ 2023 నుంచి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ నడుపుతోంది. ఏ దేశం నుంచైనా, పేరు చెప్పకుండా వాడుకోవచ్చు. ఫోటో మీ ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు. దాని వేలిముద్ర లాంటి ఒక కోడ్ మాత్రమే తయారై వెళ్తుంది, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి కంపెనీలు ఆ కోడ్‌తో సరిపోయే చిత్రాన్ని పట్టుకుని తీసేస్తాయి. ఫోటో తీసినప్పుడు 18 ఏళ్లలోపు ఉంటే చాలు, ఏఐ చిత్రాలకీ వర్తిస్తుంది. వాట్సాప్ ప్రైవేటు చాట్లలో మాత్రం ఇది పనిచేయదు. 18 దాటాక తీసిన ఫోటోలకి స్టాప్ ఎన్‌సీఐఐ అని ఇలాంటిదే ఇంకో సేవ ఉంది.

మన దగ్గర 2021 ఐటీ నిబంధనల ప్రకారం కూడా నగ్న చిత్రంపై బాధితులు ఫిర్యాదు చేస్తే కంపెనీ రెండు గంటల్లోపు తొలగించే చర్య తీసుకోవాలి (2026 ఫిబ్రవరి వరకు ఈ గడువు 24 గంటలు). యాప్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి, రాసిన సమయం దాచుకోండి.

గ్రూపులో ఎవరో పిల్లల వీడియో పెట్టారు. "ఈ దుర్మార్గుణ్ని పట్టుకోండి" అని అందరికీ పంపమన్నారు.

పంపొద్దు. మంచి ఉద్దేశంతో పంపినా ఆ బిడ్డని మళ్లీ నలుగురిలో నిలబెట్టినట్టే. ఐటీ చట్టంలోని 67బి కింద పిల్లల లైంగిక దృశ్యాలు పంపడమే కాదు, వెతకడం, దించుకోవడం కూడా నేరమే. మొదటిసారి నేరం రుజువైతే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు కూడా ఇలాంటివి దాచుకోవడం, డిలీట్ చేయకుండా, పోలీసులకి చెప్పకుండా ఉండటం పోక్సో కింద నేరమవుతుందని తేల్చింది. గ్రూపు పేరు, పంపినవాళ్ల నంబరు, సమయం రాసుకుని పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి, గ్రూపు అడ్మిన్‌కి చెప్పి తీయించండి.

చేసినవాడు మా బంధువే. ఇంట్లో సర్దుకుందామంటున్నారు.

తెలిసినవాళ్లే ఇలా చేయడం అరుదు కాదు. ట్యూషన్ సార్, కజిన్, కుటుంబ స్నేహితుడు ఎవరైనా కావచ్చు. పెద్దమనుషుల్లో కూర్చుని క్షమాపణ చెప్పించి సర్దేస్తే, వచ్చే పండక్కి అదే మనిషికి పిల్ల మంచినీళ్లు అందించాల్సి వస్తుంది. చట్టం కూడా ఒప్పుకోదు. నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పాలన్నది పోక్సో 19వ సెక్షన్. చెప్పకపోవడం నేరం.

చేసినవాడు కూడా చిన్నపిల్లాడే అయితే?

ఫిర్యాదు చేయాలి. కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకి వెళ్తుంది, అతని పేరు కూడా బయటికి రాదు. అతనికీ కౌన్సెలింగ్ అవసరం. మీ అబ్బాయే ఇలా చేశాడని తెలిస్తే దాచకండి, లాయరుతో, కౌన్సెలర్‌తో మాట్లాడండి.

మేం అమెరికాలో ఉంటాం. మా పిల్లలకి తెలుగే అంతంత మాత్రం.

అక్కడ ఎన్‌సీఎంఈసీ సైబర్ టిప్‌లైన్, ఎఫ్‌బీఐ ఫిర్యాదు తీసుకుంటాయి. అనుమతి లేకుండా పెట్టిన అంతరంగిక చిత్రాలను ఫిర్యాదు అందిన 48 గంటల్లో తీసేయాలని 2025 మేలో సంతకమైన చట్టం చెబుతోంది. వీసా మీద ఉన్నామని పోలీసుల దగ్గరికి వెళ్లడానికి చాలామంది జంకుతారు. పిల్ల బాధితురాలు, నిందితురాలు కాదు, వెళ్లండి. భాష గురించైతే, మీ పిల్ల ఏ భాషలో తేలిగ్గా మాట్లాడుతుందో ఆ భాషలోనే ఈ మాటలు మాట్లాడండి. తెలుగు ఇంకోరోజు నేర్పవచ్చు.

నేను పదో తరగతి చదువుతున్నా. నన్ను ఒకడు బెదిరిస్తున్నాడు. ఇంట్లో చెప్పలేను.

నువ్వేం పంపినా, ఎన్నిసార్లు పంపినా, నిన్ను బెదిరించడం వాడి నేరం. ఇంకేమీ పంపకు, ఫోటో గానీ డబ్బు గానీ. చాట్ డిలీట్ చేయకు. వాడు రమ్మన్న చోటికి వెళ్లకు. వాడు పెట్టిన "పది నిమిషాల టైమ్" నిన్ను ఆలోచించనివ్వకుండా ఉండటానికే, దానికి లొంగకు. ఇప్పుడే 1098కి ఫోన్ చెయ్యి. కాల్‌కి డబ్బులు పడవు. మాట రాకపోతే "నన్నొకరు ఫోటోతో బెదిరిస్తున్నారు" అన్న ఒక్క వాక్యం చదివెయ్యి, మిగతావి వాళ్లే అడుగుతారు. తర్వాత నువ్వు నమ్మే పెద్దవాళ్లని ఒక్కరిని ఎంచుకో. అక్క కావచ్చు, క్లాస్ టీచర్, పిన్ని, స్నేహితురాలి అమ్మ ఎవరైనా సరే. నోటితో చెప్పలేకపోతే ఈ పేజీ వాళ్లకి పంపి, "ఇందులో చివరి ప్రశ్న నాది" అని రాయి.